బ్రహ్మామ్లిక: బెరడు ఒలవవద్దు, విత్తు నాటండి

మూలికా వైద్యంపట్ల ఆదరణ పెరగడం సంతోషదాయకమే. కాని ఒక వృక్షం సర్వరోగ నివారిణి అన్న ప్రచారం బయలుదేరితే మరునాటినుండి దాని బెరడుకు, వేరుకు రక్షణ ఉండదు. అరుదైన బ్రహ్మామ్లిక వృక్షానికి ఆ దుర్గతి పట్టరాదని మా మనవి.

హిందీలో గోరఖ్ ఇమ్లీ అనీ, ఆంగ్లంలో బావోబాబ్ అనీ పిలిచే ఈ మహావృక్షపు జన్మస్థానం ఆఫ్రికా. శాస్త్రీయనామం అడన్సోనియా డిజిటేటా. 1749లో సెనెగల్ చేరి దీనిని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అడన్సన్ పేరిట ఆ నామం ఏర్పడినది. అరబ్బు వర్తకులే దీనిని మన దేశానికి తెచ్చారని పలువురి అభిప్రాయం. ఆమ్లిక అనగా చింత. అయినను ఇది చింత జాతి కాదు. పత్తి, బూరుగు, మందారం దీని జ్ఞాతులు. ఆఫ్రికాలో దీని బెరడు నారతో తాళ్ళు పేనుతారు, బట్ట కూడ నేస్తారు. మగ్గాల ఊరైన సిరిసిల్ల పాఠకులకు ఈ చుట్టరికం ముచ్చట గొలుపుతుంది.

దీని ఆకులు అరచేతి వ్రేళ్ళవలె విచ్చుకొని ఉంటాయి. వ్రేలాడే తెల్లని పూలు సాయంవేళ వికసిస్తాయి. గబ్బిలాలు వాటి పుప్పొడిని చేరవేస్తాయి. మెత్తని మాను నీటిని నిలువ చేసుకొంటుంది. నూగు కప్పిన గట్టి కాయలో పొడివంటి పుల్లని గుజ్జు ఉంటుంది. మనకు దగ్గరలో గోల్కొండ నయాఖిలాలో ‘హతియాన్ కా ఝాడ్’ అనే బ్రహ్మామ్లిక ఉన్నది. దాని చుట్టుకొలత సుమారు 27 మీటర్లు.

ఉత్తరప్రదేశ్‌లోని కింతూరులో ఈ జాతి వృక్షాన్నే పారిజాతమని పూజిస్తారు. భక్తి విషయం వేరు, ఔషధ నిర్ణయం వేరు. వాతపు నొప్పులకు ఆయుర్వేదం చెప్పిన పారిజాతం నారింజరంగు కాడతో తెల్లని పూలు పూచే చిన్న చెట్టు. పేరు కలిసినదని ఒకదానికి బదులు మరొకటి వాడరాదు.

బ్రహ్మామ్లిక పండు గుజ్జును నీటిలో కలిపి దాహానికి, వేసవి తాపానికి, అతిసారానికి ఇవ్వడం సంప్రదాయం. అందులో సి విటమిన్, పీచు సమృద్ధిగా ఉన్నాయి. 2008లో ఐరోపా సమాఖ్య ఈ గుజ్జును అనుమతించినది ఆహారంగానే, ఔషధంగా కాదు. బెరడు కషాయాన్ని ఒకప్పుడు చలిజ్వరానికి క్వినైనుకు బదులుగా వాడి చూశారు. నేడు మలేరియాకు దానిని నమ్ముకొనరాదు.

ఒలిచిన బెరడు మరల పెరుగుతుంది గదా అని కొందరనవచ్చు. నిజమే. కాని అది చెట్లు విరివిగా ఉన్నచోట, మితం తెలిసినవారు చేసే పని. వేళ్ళమీద లెక్కించదగిన మన ముసలి చెట్లకు ఆ పరీక్ష తగదు. పైగా అవసరమూ లేదు. సి విటమిన్‌కు ఉసిరిక ఉన్నది. వేసవికి పలుచని మజ్జిగ ఉన్నది. పిల్లలకు విరేచనాలైతే ముందుగా ఓ.ఆర్.ఎస్. ద్రావణం పట్టించి, తగ్గకున్న వైద్యుని చూడాలి.

మధ్యప్రదేశ్‌లోని మాండూ ప్రాంతపు బ్రహ్మామ్లికలను పెకలించి హైదరాబాదుకు తరలించగా అక్కడివారు అభ్యంతరం చెప్పారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళినది. ఒకరి ఊరి పెద్దచెట్టును తెచ్చి మన తోటకు అలంకరించుకోవడం వృక్షప్రేమ అనిపించుకోదు. కావలసినవారు విత్తు తెచ్చుకోవాలి. గట్టి విత్తును వేడినీటిలో రాత్రంతా నానబెట్టి తొలకరిలో నాటవచ్చు. నీటి ఎద్దడికి ఓర్చే చెట్టు కనుక మన మెట్టనేలలకు తగినదే. కాని ఇంటిగోడ ప్రక్కన పనికిరాదు. బడి ఆవరణలు, గుడి మాన్యాలవంటి విశాల స్థలాలు కావాలి. కాపుకు ఏండ్లు పడుతుంది. ఆ పండు మన మనుమలకు దక్కితే చాలదా?