సముద్రము మనకు దూరమా?

తీరరక్షణమును గూర్చియు, తుపాను నష్టనివారణమును గూర్చియు విశ్వవిద్యాలయములలో జరుగుచున్న పరిశోధనలను మన సంఘపు సంచికలో ప్రస్తావించినచో, "సేర్వరాయ కొండల చెంతనున్న పాపిరెడ్డిపట్టి వారికి సముద్రముతో నేమి పని?" యని కొందరు పెదవి విరువవచ్చును. ఈ అభిప్రాయము తప్పు మాత్రమే కాదు, ప్రమాదకరమని మా వాదము.

2024 నవంబరు 30వ తేదీన పుదుచ్చేరి చెంత తీరము దాటిన ఫెంగల్ తుపాను తీరముతో తృప్తిపడలేదు. డిసెంబరు 2వ తేదీ ఉదయమునకు ముగిసిన ఒక్క దినములో ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు, మన పొరుగుననున్న హరూరులో 33 సెంటీమీటర్లు వర్షము కురిసినది. సాత్తనూరు జలాశయము నుండి విడిచిన వరద విళుప్పురము, కడలూరు జిల్లాలను ముంచినది. మన వాణియారు చేరునదియు ఆ దక్షిణ పినాకినినే గదా! కడలిలో పుట్టిన గాలివాన మన వాకిటికి వచ్చును. మన వాకిటి నీరు కడలికి పోవును. ఇక దూరమెక్కడ?

"అంతయు విధి" యనువారు మరికొందరు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణపు ఉప్పెనలో సుమారు 30 వేలమంది మడిసిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 10 వేల ప్రాణములను హరించినది. 1990 మే నెలలో ఆ కృష్ణాతీరమునే మరియొక తీవ్రమైన తుపాను తాకినది. ఈ మారు ఆరు లక్షలకు పైబడిన జనులను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య రమారమి వేయి. ఆ వేయియు తక్కువ కాదు. కాని ఈ పదమూడేండ్లలో మారినది విధి కాదు, ఏర్పాటు. హెచ్చరికయు, ఆశ్రయగృహములును, తరలింపును మనుష్యుల చేతిలోని పనులే.

తరలింపు ప్రాణమును కాపాడును, నేలను కాపాడదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు కాకాని నాగేశ్వరరావుగారును, వారి సహపరిశోధకులును కృష్ణా గోదావరీ డెల్టాలను పరిశీలించి, ఎగువ ఆనకట్టలు ఒండ్రుమట్టిని నిలిపివేయుటచే తీరము కోతకు గురియగుచున్నదని తెలియజేసిరి. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినప్పుడు, కడలూరు జిల్లాలో మడ అడవుల మరుగున నున్న పల్లెలకు నష్టము తక్కువయని 2005లో ప్రకటితమైన పరిశోధన చూపినది.

ఇన్ని తెలిసియు మనవారు చేసినదేమి? 1991 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన పల్లెపట్టులలో 200 మీటర్ల మేర కొత్త కట్టడములను నిషేధించినది. 2019లో, జనసమ్మర్దము గల పల్లెప్రాంతములందు ఆ హద్దును 50 మీటర్లకు కుదించిరి. బెస్తవారికి వలయు పడవయు నున్నచోట ఇల్లు కావలెనన్న మాట న్యాయమే. దానిని మేము కాదనము. కాని అదే ప్రకటన విహారయాత్రికుల తాత్కాలిక కట్టడములకును తావిచ్చినది. బెస్తవాని పేరు చెప్పి తలుపు తెరిచి, విహారికి పీట వేయుట యే నీతి?

శాస్త్రము ఒక దస్త్రములోను, ఆజ్ఞ వేరొక దస్త్రములోను ఉండును. ఆ రెండును ఒక బల్లమీదికి రాకున్న ఏమగునో, దస్త్రముల నడుమ ఆయుర్దాయము గడపిన మాబోటి గుమాస్తాలకు ఒకరు చెప్పనక్కరలేదు.

కావున మన కర్తవ్యము స్పష్టము. వాణియారు గట్టులును, చెరువుల కలుజులును, వరవ కాలువలును ఆక్రమణలకు లోనుగాక యున్నవో లేదో ఏటేట ఐప్పసి వానలకు ముందే సంఘము తరఫున పరిశీలించి, లోపములను అధికారులకు వ్రాతమూలకముగ తెలుపవలెను. తుపాను హెచ్చరికలను మన ముసలివారికి ఇంటిభాషలో వినిపింపవలెను. చదువుకొన్న పిల్లలను ఈ శాస్త్రమువైపు ప్రోత్సహింపవలెను. తరతరములుగా ఈ నేల అన్నము తినుచున్న మనము, దాని నీటిదారులను కాచుట దానము కాదు, బాకీ తీర్చుట.