కొలిమి గోడకు పూత - కొన్ని సందేహాలు

"సావనీరుకు ఏదైనా రాసివ్వండి మాస్టారూ" అని యూనియన్ కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, కొలిమి గోడలకు పూసే సిరామిక్ పూత గురించి రాస్తానన్నాను. అతను కాసేపు నా ముఖంలోకి చూసి, "పోనీ, యువత - దేశ భవిష్యత్తు మీద రాయకూడదా?" అన్నాడు. ఆ విషయం మీద ప్రతి ఏడూ కనీసం ముగ్గురు రాస్తూనే ఉన్నారు. కొలిమి గోడ మీద ఇంతవరకూ ఎవరూ రాసిన పాపాన పోలేదు. పైగా ఈ గోడ విషయంలో పోయిన వేసవిలో నాకొక చిక్కు ప్రశ్న ఎదురైంది. దానికి వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఉష్ణ ప్రసారం పాఠం చెప్పి జీతం తీసుకునేవాడికి అది కొంచెం సిగ్గుపడవలసిన సంగతే.

ఊరి చివర ఒక చిన్న రీరోలింగ్ మిల్లు ఉంది. పేరు అనవసరం. ఇనుప బిల్లెట్లను ఆయిలు కొలిమిలో దాదాపు 1200 డిగ్రీల సెంటీగ్రేడుకు కాల్చి, రోలర్ల మధ్య లాగి కడ్డీలు చేస్తారు. ఆ యజమాని కబురు చేస్తే వెళ్ళాను. ఎవరో ఒకాయన వచ్చి, గోడలకు లోపలి వైపు సిరామిక్ పూత పూస్తే నాలుగో వంతు ఆయిలు మిగులుతుందన్నాడట. అంతరిక్ష నౌకకు పూసినది ఇదేనని ఒక రంగుల బొమ్మ కూడా చూపించాడట. ఈయన నమ్మి డబ్బు పెట్టాడు. మూడు వారాలు తిరక్కుండా పూత రూపాయి బిళ్ళలంత పెచ్చులుగా లేచి బిల్లెట్ల మీద రాలడం మొదలుపెట్టింది. "ఇది మోసమా మాస్టారూ, లేక మా వాళ్ళ పనితనం బాగోలేదా?" అని అడిగాడు. "ఆయిలు తగ్గిందా?" అని నేనడిగాను. "తగ్గినట్టే ఉంది" అన్నాడు. అంతకుముందు టన్నుకు ఎన్ని లీటర్లు కాలేదో ఎక్కడైనా రాశారా అంటే, రాయలేదు. ఇక తగ్గిందో పెరిగిందో చెప్పడానికి బ్రహ్మదేవుడే దిగి రావాలి.

మోసమని తీర్పు చెప్పి చక్కా రావడం తేలిక. మన చదువుకున్నవాళ్ళకు ఆ అలవాటు బాగా ఉంది. కాని ఇంటికొచ్చి కాగితం ముందేసుకుని కూర్చుంటే సంగతి అంత తేలిగ్గా తెగలేదు.

మొదటి ప్రశ్న: ఇంత పల్చటి పూత వేడిని ఆపగలదా? కొలిమి గోడలో ఫైర్‌బ్రిక్కు మందం 230 మిల్లీమీటర్లు అనుకుందాం. పూత పావు మిల్లీమీటరు. అంటే ఇటుకలో తొమ్మిది వందో వంతు. ఇటుకకంటే ఆ పూత పది రెట్లు తక్కువగా వేడిని వహిస్తుందని ఉదారంగా ఒప్పుకున్నా, గోడ నిరోధం పెరిగేది నూటికి ఒకటి, అంతే. చొక్కా మీద సిల్కు కండువా వేసుకుని చలికాలం హిమాలయాలకు బయల్దేరినట్టుంటుంది. కనుక ఎవరైనా "మా పూత వేడిని బయటికి పోనివ్వదు" అంటే ఆ మాట అక్కడికక్కడే కొట్టెయ్యవచ్చు.

వేడిని నిజంగా ఆపే పూత చూడాలంటే సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళండి. మాచర్ల, జగ్గయ్యపేట, తాడిపత్రి, తాండూరు - ఏదైనా సరే. గిర్రున తిరిగే పొడుగాటి ఉక్కు గొట్టం, అదే కిల్ను. మంట ఉండేచోట లోపలి సరుకు 1450 డిగ్రీల దాకా కాగుతుంది, మంట దాదాపు 2000 డిగ్రీలు. అక్కడి ఇటుకను కాపాడేది ఏ కంపెనీవాడి డబ్బా కాదు. సగం కరిగిన క్లింకరే వచ్చి ఇటుకకు అంటుకుని, జానెడు మందాన గట్టిపడి, తనంతట తానొక కవచమవుతుంది. అక్కడ దాన్నే "కోటింగ్" అంటారు. కిల్ను నడిపేవాళ్ళు దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటారు. సరుకు పాళ్ళు మారినా, మంట అటూ ఇటూ అయినా, ఊరికే ఆపి మళ్ళీ వెలిగించినా కోటింగ్ ఊడిపోతుంది. ఊడినచోట ఇటుక అరిగి, చివరికి బయటి ఉక్కు రేకు మీద ఎర్రటి మచ్చ తేలుతుంది. "రెడ్ స్పాట్" అన్న మాట వినబడితే అక్కడ నిద్రపోయేవాడు ఉండడు. మన రాష్ట్రాల్లో ఉన్న అత్యుత్తమ సిరామిక్ పూత ఇదేనని నా అభిప్రాయం. ఎవరూ కొనలేదు, ఎవరూ పుయ్యలేదు, ఎవరూ పేటెంటు తీసుకోలేదు. అది వేడిని ఆపుతున్నదంటే దాని మందం వల్ల.

మరి పావు మిల్లీమీటరు పూత పని ఏమిటి? ఇక్కడే నేను పాఠ్యపుస్తకం దగ్గర ఆగిపోయాను. కొలిమి వెయ్యి డిగ్రీలు దాటాక వేడి ప్రయాణం చాలా భాగం వికిరణమే. 1879లో స్టీఫాన్ ప్రయోగ ఫలితాలను బట్టి, 1884లో బోల్ట్జ్‌మన్ సిద్ధాంతం ద్వారా తేల్చింది అందరికీ తెలుసు: వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 900 డిగ్రీల గోడకంటే 1200 డిగ్రీల గోడ దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ వెదజల్లుతుంది. దీనికి తోడు ఉపరితలానికి ఒక గుణం ఉంది, ఉద్గారత. సంపూర్ణ కృష్ణ వస్తువుకు అది 1. తెల్లటి అల్యూమినా ఇటుకకు వేడెక్కిన కొద్దీ తగ్గుతూ పోతుంది. సిలికాన్ కార్బైడు, క్రోమియం ఆక్సైడు, ఇనుప ఆక్సైడు వంటివి కలిపిన పూతలు దాన్ని 0.9 దరిదాపుల్లో నిలబెడతాయని అమ్మేవాళ్ళు చెబుతారు. సరే, నిలబెట్టాయే అనుకోండి. వచ్చే లాభం ఏమిటి?

పుస్తకం ప్రకారమైతే ఏమీ లేదు. బయటికి వేడిని వదలని గోడ, తన మీద పడ్డదాన్ని తాగి మళ్ళీ కక్కినా, తాగకుండా అద్దంలా వెనక్కి కొట్టినా, మొత్తానికి తిరిగి కొలిమిలోకి పోయేది అంతే. ఉద్గారత లెక్కలోంచి జారిపోతుంది. నేను పిల్లలకు చెప్పిందీ ఇదే, పరీక్షలో అడిగిందీ ఇదే. దీన్ని పట్టుకునే మావాళ్ళు కొందరు ఈ పూతలన్నీ బూటకమంటారు.

కాని ఆ లెక్క ఒక షరతు మీద నిలబడింది. మధ్యనున్న వాయువు అన్ని తరంగదైర్ఘ్యాలనూ ఒకే రీతిగా చూస్తుందన్న షరతు అది. ఆయిలు మంటలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి అలా చెయ్యవు. అవి కొన్ని పట్టీల్లోనే వికిరణం చేస్తాయి, ఆ పట్టీల్లోనే మింగుతాయి. మన హాస్టల్ వాచ్‌మన్‌లాగ అన్నమాట. తనకు తెలిసిన ముఖాలనే గేటు దగ్గర పట్టుకుంటాడు. సెకండ్ షో నుంచి వచ్చే కుర్రాడు వేషం మార్చుకుంటే దర్జాగా దాటిపోతాడు. గోడ అద్దంలా ఉంటే వాయువునుంచి వచ్చిన వేడి అదే ముఖంతో తిరిగి బయల్దేరుతుంది, దారిలో వాయువు మళ్ళీ కొంత మింగుతుంది. గోడ దాన్ని తాగి అన్ని తరంగదైర్ఘ్యాలలోనూ పరిచి వెదజల్లితే, అందులో కొంత వాయువు కంటపడకుండా నేరుగా ఇనుము మీదికి పోతుంది. ఆ మేరకు లాభం నిజమే. ఎంత అన్నది కొలిమి ఆకారం మీద, వాయువు మందం మీద, అసలు ఇటుక గుణం మీద ఉంటుంది. కరెంటు కొలిమిలో మంట వాయువులే లేవు గనుక అక్కడ ఈ లాభమూ లేదు. ఒకే డబ్బా, ఒకే అంకె పట్టుకుని ఆయిలు కొలిమికీ కరెంటు కొలిమికీ ఒకే మాట చెప్పేవాడిని నమ్మకూడదని నేననేది అందుకే.

అంతరిక్ష నౌక మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. 1981 ఏప్రిల్ 12న మొదటిసారి ఎగిరిన స్పేస్ షటిల్ అడుగు భాగాన ఉన్న నల్లటి పలకలకు బోరోసిలికేట్ గాజు పూత ఉండేది. తిరిగి వాతావరణంలోకి వచ్చేటప్పుడు పుట్టే వేడిని ఆ నలుపు ఆకాశంలోకి వెదజల్లేది. వేడిని ఆపింది మాత్రం పూత కాదు, వెనకనున్న పలక మందం. బొమ్మ చూపించిన పెద్దమనిషి ఈ రెండో వాక్యం చెప్పి ఉండడు.

ఇక పెచ్చులు ఎందుకు లేచాయి? దీనికి సిద్ధాంతాలక్కరలేదు, మేస్త్రీని అడిగితే చాలు. పాత ఇటుక మీద మసి, పొలుసు గీకకుండా పూశారు. పూసిన మర్నాడే బర్నరు పూర్తిగా తెరిచారు. లోపలి తడి ఆవిరై బయటికి రావడానికి దారి లేక పూతను తన్నుకుంటూ వచ్చింది. దానికితోడు పూతా ఇటుకా వేడికి ఒకే మేరకు వ్యాకోచించకపోతే, ప్రతి ఆదివారం కొలిమి చల్లార్చి సోమవారం వెలిగించినప్పుడల్లా రెండింటి మధ్యా లాగుడే. పొయ్యి అలికే మన ఇల్లాళ్ళకు ఇది తెలుసు. పాత పెచ్చు గీకి, నీళ్ళు చిలకరించి, పల్చగా అలికి, ఆరేదాకా నిప్పు పెట్టరు. మిల్లులో ఆ ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆలస్యమైతే నష్టమని యజమాని తొందర.

ఆ మేస్త్రీ శ్రీకాకుళం వైపు మనిషి. ముప్పయ్యేళ్ళుగా కొలిమి ముందే ఉన్నాడు. నేను గోడ వైపు చూస్తుంటే అతను తలుపు వైపు చూపించాడు. "గోడ సంగతి తర్వాత చూద్దురుగాని బాబూ, ముందు ఈ తలుపు సూడండి" అన్నాడు. తలుపు వంగిపోయి, కింద బెత్తెడు సందు, మీటరు పొడుగున. అందులోంచి పచ్చగా వెలుగు. ఇంటికొచ్చి లెక్క కట్టాను. 1200 డిగ్రీల దగ్గర కృష్ణ వస్తువు చదరపు మీటరుకు దాదాపు 267 కిలోవాట్లు వెదజల్లుతుంది. ఆ సందు వైశాల్యం సుమారు చదరపు మీటరులో పదో వంతు. గోడ మందం కొంత అడ్డుకుంటుందని తగ్గించుకున్నా, రాత్రింబవళ్ళు పదిహేను ఇరవై కరెంటు హీటర్లు వీధిలో పెట్టి వెలిగించినట్టే. అందులో సగం ఆ మేస్త్రీ మోకాళ్ళ మీద. తలుపు బాగు చెయ్యడానికి అయ్యే ఖర్చు పూతకు పెట్టిన దాంట్లో చిన్న ముక్క. మరెందుకు చెయ్యలేదు? తలుపు గురించి రంగుల బొమ్మ పట్టుకుని ఎవరూ రాలేదు కనుక.

ఇంకొక మాట, దీనికి అమ్మకందారులు పెద్దగా ప్రాముఖ్యం ఇవ్వరు గాని నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఈ మధ్య చాలా కొలిముల్లో ఇటుక బదులు సిరామిక్ ఫైబర్ దుప్పట్లు వేస్తున్నారు. తేలిక, తొందరగా వేడెక్కుతాయి. కాని వాయువేగానికి ఆ పీచు రేగుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ పీచును మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో 1988లో పెట్టింది, 2002లో మళ్ళీ పరిశీలించి అక్కడే ఉంచింది. పైగా వెయ్యి డిగ్రీల పైన చాలాకాలం కాలిన పీచులో క్రిస్టోబలైటు పుడుతుంది. అది ఊపిరితిత్తులకు మహా చెడ్డది. దుప్పటి మీద మంచి పూత పూస్తే పీచు రేగకుండా పట్టి ఉంచుతుంది. ఆయిలు ఒక్క లీటరు మిగలకపోయినా ఈ ఒక్క పనికి పూత పుయ్యవచ్చునంటాను. కాని పాత దుప్పటి పీకే రోజున కుర్రవాళ్ళ ముఖానికి తువ్వాలు తప్ప మరేమీ కట్టడం నేను చూడలేదు. పూత వచ్చింది కదా అని మాస్కు మానేస్తే అదింకా ప్రమాదం.

విచిత్రమేమిటంటే ఈ పూతల్లో పడే సరుకు మనకు పరాయిది కాదు. జిర్కాన్, సిల్లిమనైటు భీమునిపట్నం తీరం ఇసుకలోనే ఉన్నాయి. జిర్కాన్ నుంచి జిర్కోనియం తీసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు హైదరాబాదులో ఉంది. అక్కడే బాలాపూర్‌లో ఉపరితల పూతల మీదే పనిచేసే పరిశోధన కేంద్రం కూడా ఉంది. పెద్ద ప్లాంట్లకు సొంత లేబొరేటరీలున్నాయి. పదిమంది పనివాళ్ళున్న మిల్లువాడికి మాత్రం అమ్మేవాడు ఇచ్చే కాగితమే శాస్త్రం.

మన కాలేజీ లేబొరేటరీలో ఒక మఫిల్ ఫర్నేసు ఉంది. మూడో సంవత్సరం విద్యార్థులు దాన్ని ఏడాదికి రెండుసార్లు చూస్తారు. తాళం ఎవరి దగ్గరుందో వెతకడంతో ఒక గంట పోతుంది. అది కరెంటుది గనుక పైన చెప్పిన లాభం అందులో తేలదు. కాని ఒక పూత ఎన్నిసార్లు వేడెక్కించి చల్లారిస్తే పెచ్చు లేస్తుందో తేల్చడానికి అది చాలు. ఆయిలు లెక్కకు మాత్రం మిల్లుకే పోవాలి. పూతకు ముందు రెండు నెలలు, పూత తర్వాత రెండు నెలలు, టన్నుకు ఎన్ని లీటర్లో రాసుకోవాలి. మధ్యలో తలుపు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే లాభం దేనిదో తెలియదు. ఇంతకంటే గొప్ప ప్రాజెక్టు ఏముంది? ఇప్పుడు మనవాళ్ళు చేసే ప్రాజెక్టులు ఎక్కడ బైండు అవుతున్నాయో, ఎక్కడ టైటిలు మాత్రం మారుతున్నాయో నేను చెప్పక్కర్లేదు. ఇందులో లెక్చరర్లుగా మా తప్పు సగానికి పైనే ఉంది.

యజమానితో మాట్లాడాను. ముందు తలుపు బాగు చేయిస్తానన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు ఆయిలు లెక్క రాయిస్తానన్నాడు. ఆయుధపూజకు కొలిమి నాలుగు రోజులు చల్లారుతుంది. గోడ గీకి, ఒక పక్క పూసి, ఒక పక్క వదిలేసి, రెండు పక్కలా థర్మోకపుల్సు పెట్టుకుని పెచ్చు ముందెక్కడ లేస్తుందో చూసుకోమన్నాడు. ఆయిలు లెక్క కోసం మొత్తం పూయడం ఆ తర్వాతి మాట. థర్మోకపుల్సు డిపార్టుమెంటులో ఉన్నాయి. దసరా సెలవులు వదులుకుని మసిలో పనిచేసే నలుగురు కావాలి. పేర్లు నాకే ఇవ్వవచ్చు. మేస్త్రీ మాత్రం ఒక షరతు పెట్టాడు: వచ్చేవాళ్ళు పాంటు మడిచి కాదు, పాత బట్టలతో రావాలట.