సర్దికి అమాక్సిసిలిన్ ఎందుకు?



వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం పోయేదాకా పిల్లల డైరీల్లో ఒకే రకం చీటీ ఎక్కువగా కనిపిస్తుంది: "బాబుకు సర్ది, దగ్గు. లంచ్ తర్వాత సిరప్ తాగించగలరు." సీసా చూస్తే చాలాసార్లు అది అమాక్సిసిలిన్, లేకపోతే సెఫిక్సిమ్. కొన్ని డాక్టర్ రాసినవే. కొన్ని మాత్రం పోయినసారి మిగిలినవి, లేదా అక్క కోసం తెచ్చి తమ్ముడికి పోస్తున్నవి. నేను డాక్టర్‌ని కాను, బయాలజీ టీచర్‌ని. అయినా ఈ మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం సీసాలు మీరే పక్కన పెడతారని నా నమ్మకం.

ఎండుద్రాక్షను నీళ్ళలో వేస్తే ఉబ్బుతుందని మీ పిల్లలు ప్రయోగం చేసి చూపించే ఉంటారు. బ్యాక్టీరియా కణంలోకి కూడా బయటి నీరు అలాగే తోసుకొస్తుంటుంది. అది పగిలిపోకుండా కాపాడేది దాని చుట్టూ ఉన్న గోడ. ఇటుకల గోడ కాదు, నులక మంచం అల్లికలాంటిది: పొడుగ్గా చక్కెర గొలుసులు, వాటిని అడ్డంగా కలిపే అమైనో ఆమ్లాల ముక్కలు. కణం పెరగాలంటే పాత అల్లిక కొంత తెంచి కొత్తది అల్లుకోవాలి. ముడులు వేసే పని ఒక ఎంజైమ్‌ది. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ రెండూ పెన్సిలిన్ బంధువులే. వాటిలో బీటా లాక్టమ్ అనే చిన్న వలయం ఉంటుంది. ముడి వేయాల్సిన కొస ఇదేననుకుని ఎంజైమ్ దాన్ని పట్టుకుంటుంది, ఇక వదలలేదు. తెంచడం సాగుతూనే ఉంటుంది, ముడి వేయడం ఆగిపోతుంది. అల్లిక వదులై, నీరు చొచ్చుకొచ్చి కణం పగిలిపోతుంది. 1928లో ఫ్లెమింగ్ తన గాజు పళ్ళెంలో, బూజు చుట్టూ బ్యాక్టీరియా కరిగిపోయి ఉండటం చూశాడు. దాని వెనక ఉన్న కారణం ఇదే.

మన ఒంటి కణాలకు ఈ గోడ లేదు కాబట్టి మందు వాటి జోలికి రాదు. (పెన్సిలిన్ పడని వాళ్ళ సంగతి వేరు, అది డాక్టర్‌కు ముందే చెప్పాలి.) సర్ది తెచ్చే వైరస్‌కూ గోడ లేదు, అసలు అది కణమే కాదు. అల్లికను ఆపే మందు అల్లికే లేని చోట ఏం చేస్తుంది? కడుపులోని మంచి బ్యాక్టీరియాను చంపి విరేచనాలు తెస్తుంది. "నాలుగో రోజుకు తగ్గింది కదా మేడం" అంటారు. సర్ది ఎలాగూ తగ్గేదే.

"స్ట్రాంగ్ మందు రాయండి" అని అడగడం కూడా నాకు అర్థం కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధన నడిపించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అది గోడను ముట్టదు, బ్యాక్టీరియా లోపల ప్రోటీన్ల తయారీని ఆపుతుంది. ఏ క్రిమికి ఏ మందన్నదే లెక్క.

మిగిలిన సీసా మాట. ఆ సిరప్‌ను పొడిగా ఎందుకు అమ్ముతారో గమనించారా? నీళ్ళు తగిలితే ఆ వలయం మెల్లగా తెగిపోతుంది. కలిపాక సాధారణంగా వారంలో వాడెయ్యాలని సీసా మీదే ఉంటుంది. మీలో పోలేపల్లి, చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు తేమ గురించి నేను చెప్పక్కర్లేదు. కొన్ని బ్యాక్టీరియాలు కూడా ఇదే వలయాన్ని తెంచే ఎంజైమ్ తయారుచేసుకుంటాయి. అవసరం లేకుండా వాడిన ప్రతిసారీ బలహీనమైనవి చచ్చి, ఇలాంటివి మిగిలి పెరుగుతాయి. రేపు న్యుమోనియాతో దవాఖానకు వెళ్ళే పసిబిడ్డకు అదే మందు పనిచేయాలి కదా. సెఫిక్సిమ్ లాంటివి చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసుకునే అమ్మాలని 2014 నుంచి నిబంధన ఉన్నది అందుకే.

డాక్టర్ పరీక్షించి రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ తప్పక వాడండి. స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పిని వదిలేస్తే గుండె కవాటాలు చెడే ప్రమాదం ఉంది.

తొందర ఎందుకో నాకు తెలుసు. మీకు డ్యూటీకి సెలవు దొరకదు, దుకాణం మూయలేరు. పైగా బడిలో నూరు శాతం హాజరుకు సర్టిఫికెట్ ఉంది. జ్వరం రోజులను ఆ లెక్కలోంచి తీసేయాలని నా అభిప్రాయం. మేనేజ్‌మెంట్ కూడా ఇది చదువుతుందని తెలిసే రాస్తున్నాను. ఈలోగా జ్వరం ఉన్న పిల్లలను రెండు రోజులు ఇంట్లోనే ఉంచండి. పోయిన వర్క్‌షీట్లు నా దగ్గర ఉంటాయి, వచ్చాక చేయిస్తాను.