డిగ్రీనా, హునరా..? తాష్కెంట్ కుర్రాళ్లు వేస్తున్న ప్రశ్న మన ఇళ్లలోదే

ఉజ్బెకిస్తాన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి ఇమామ్ బుఖారీ పుట్టిన బుఖారా, పక్కనే సమర్కండ్. రెండోది ఈమధ్య కన్సల్టెన్సీల బోర్డుల మీద కనిపించే ఎంబీబీఎస్ సీట్లు. కానీ అదే దేశంలో పాతిక, ముప్పై ఏళ్ల టెక్ వ్యాపారులు చదువు గురించి, ఏఐ గురించి చెబుతున్న మాటలు వింటే ఇది మన మొహల్లా ముచ్చటే కదా అనిపిస్తుంది. యూనివర్సిటీ మాకు పెద్దగా నేర్పింది లేదు, ఇంగ్లిష్, కోడింగ్ సొంతంగా నేర్చుకున్నాం, ఇప్పుడు ఏఐ కూడా వచ్చాక నాలుగేళ్లు క్లాసులో కూర్చోవడం ఎందుకు.. క్లుప్తంగా ఇదీ ఆ వాదన.

వినడానికి బాగుంది. అయితే ఈ మాట అక్కడ ఎందుకు పుట్టిందో తెలుసుకోకుండా మన పిల్లలకు అప్పజెప్పేస్తే మాత్రం నష్టమే.

ఇప్పుడు ముప్పై ఏళ్లున్న ఉజ్బెక్ యువకుడి చదువు ఎలా సాగిందో చూడండి. శరదృతువు వచ్చిందంటే చాలు, విద్యార్థుల్ని, టీచర్లను, ఆఖరికి డాక్టర్లను కూడా పత్తి ఏరడానికి పొలాలకు తోలేవాళ్లు. ప్రభుత్వమే పంపేది, కాదనే దిక్కు లేదు. సోవియట్ కాలం నాటి ఈ అలవాటు 1991లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా పోలేదు. 2021 పంటలో వ్యవస్థాగతంగా బలవంతపు పని లేదని అంతర్జాతీయ కార్మిక సంస్థ తేల్చాక, 2022 మార్చిలో గానీ ఉజ్బెక్ పత్తి మీద అంతర్జాతీయ బహిష్కరణ పిలుపు వెనక్కి తీసుకోలేదు. అంటే ఈ తరంలో చాలామంది కాలేజీ రోజుల్లో కొన్ని వారాలు పత్తి చేలల్లోనే గడిచాయి. పైగా 2016లో యూనివర్సిటీ గడప తొక్కే యువత 9 శాతమే. లంచాలిస్తే మార్కులు పడతాయన్న పేరు ఎలాగూ ఉంది. అలాంటి చోట పెరిగినవాడు డిగ్రీ మీద నమ్మకం లేదంటే అది పొగరు కాదు, అనుభవం.

2016లో షౌకత్ మిర్జియోయేవ్ అధికారంలోకి వచ్చాక గేట్లు తెరిచారు. ఉన్నత విద్యలో చేరేవాళ్లు 40 శాతం దాటారని ప్రభుత్వం చెబుతోంది. యూనివర్సిటీల సంఖ్య రెండొందలు దాటింది. 2019లో తాష్కెంట్‌లో ఐటీ పార్కు పెట్టి, అందులో చేరిన కంపెనీలకు పన్నుల మినహాయింపులిచ్చారు. అదే ఏడాది యూఏఈతో కలిసి పది లక్షల మంది కోడర్లను తయారుచేసే ఉచిత ఆన్‌లైన్ కోర్సులు మొదలయ్యాయి. ఇప్పుడు లక్ష్యం ఇంకా పెరిగింది. 2030 నాటికి 50 లక్షల మందికి ఏఐ నేర్పుతామంటున్నారు. సుమారు 3 కోట్ల 70 లక్షల జనాభా ఉన్న దేశానికి ఇది చిన్న మాటేం కాదు.

డబ్బు కూడా వచ్చింది. 2022లో మొదలైన ఉజుమ్ అనే ఈ-కామర్స్, ఫిన్‌టెక్ కంపెనీ 2024 మార్చిలో 114 మిలియన్ డాలర్లు సమీకరించి ఆ దేశపు తొలి యూనికార్న్ అయింది. ఏడాదిన్నర తిరక్కముందే చైనా దిగ్గజం టెన్సెంట్ కూడా అందులో డబ్బు పెట్టింది. వాయిదాల్లో కొనుక్కునే సేవకు ఉజుమ్ పెట్టుకున్న పేరు 'నసియా'. అప్పుగా తీసుకోవడం అని అర్థం. మన భాషలో ఉద్దెర ఖాతా అన్నమాట. ఫిఖ్‌హ్ చదివినవాళ్లకు ఈ పదం వినగానే ఇంకో విషయం గుర్తొస్తుంది, అది వేరే చర్చ. ఇదే మార్కెట్‌లో 'ఇమాన్' అనే ఇంకో ఫిన్‌టెక్ మురాబహా పద్ధతి ఎంచుకుంది. వస్తువు తాను కొని, లాభం ఎంతో ముందే చెప్పి, వాయిదాల మీద అమ్ముతుంది. వడ్డీ భయంతో బ్యాంకు గడప తొక్కని మధ్యతరగతి ముస్లింలు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. కామర్స్ చదివిన నాకు ఉజుమ్ కంటే ఈ ఇమాన్ ఆలోచనే ఆసక్తిగా అనిపించింది. చుట్టూ ఉన్న జనం అవసరం చూసి పుట్టిన వ్యాపారం అది.

అసలు చిక్కు ఏఐ దగ్గర మొదలవుతుంది. ఉజ్బెకిస్తాన్ 2030 కల్లా ఏటా 5 బిలియన్ డాలర్ల ఐటీ ఎగుమతులు కావాలనుకుంటోంది. అందులో పెద్ద భాగం ఔట్‌సోర్సింగ్ మీద ఆశ. కాల్ సెంటర్లు, అకౌంట్లు, టెస్టింగ్, చిన్నాచితకా కోడింగ్. హైదరాబాద్ పాతికేళ్ల కింద ఎక్కిన మెట్టే ఇది. ఇప్పుడు ఏఐ ముందుగా కొరుకుతున్నది కూడా సరిగ్గా ఆ మెట్టునే. మన దగ్గర 2025 జులైలో టీసీఎస్ 2 శాతం, అంటే 12 వేలకు పైగా ఉద్యోగుల్ని తగ్గిస్తామంది. కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు సరిపోకపోవడమే అని కంపెనీ వివరణ ఇచ్చింది. ఆ వివరణ ఎవరికి ఊరటో నాకైతే అర్థం కాలేదు.

'ఏఐ ఉంటే డిగ్రీ అక్కర్లేదు' అన్న వాదన నాకు సగమే సరైనదనిపించడానికి కారణం ఇదే. మూణ్నెల్ల కోర్సుతో వచ్చే పని ఏదైతే ఉందో, దాన్నే యంత్రం ముందు చేసేస్తుంది. జీఎస్టీ లెక్క ఏఐ వేసి పెడుతుంది సరే, అందులో తప్పుందని పట్టుకోవాలంటే అకౌంటెన్సీ రావాలి కదా. కంపెనీ పెట్టినవాడు డిగ్రీ అక్కర్లేదంటే చెల్లుతుంది. ఆ కంపెనీలోనే ఉద్యోగానికి వెళ్లిన కుర్రాడు అదే మాటంటే ఎవరూ వినరు. ఇంటర్వ్యూల్లో కనిపించేది గెలిచినవాళ్లే. సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్న కోడర్ దగ్గరికి ఎవరూ మైక్ పట్టుకుని వెళ్లరు.

అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోచోట ఉంది. భాష దగ్గర. ఉజ్బెక్ భాషకు ఒక్క శతాబ్దంలోనే లిపి మూడుసార్లు మారింది. అరబీ లిపి తీసేసి 1929లో లాటిన్, 1940లో సిరిలిక్, 1993లో మళ్లీ లాటిన్ అన్నారు. ఇప్పటికీ రెండూ నడుస్తున్నాయి. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేడు. అలాంటి భాషలో ఏఐకి నేర్పడానికి సరిపడా రాత ఎక్కడ దొరుకుతుంది? అందుకే అక్కడి కుర్రాళ్లు జనం గొంతులు రికార్డు చేయించి పోగేశారు. ఉజ్బెక్ అనువాదం, అక్షరదోషాలు సరిదిద్దే పరికరాలు తయారుచేశారు. ఈ పని అమెరికా కంపెనీ వచ్చి చేసిపెట్టదు, దీనికి భాష తెలిసినవాడే కావాలి. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, బళ్లో ఇంగ్లిష్ మాట్లాడే మన పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 'నక్కో', 'హౌ' అంటే ఫోన్‌కు ఏం అర్థమవుతుందో రోజూ చూస్తూనే ఉన్నాం.

ఇక అక్కడ ఏ స్టార్టప్ సభ జరిగినా అల్ ఖ్వారిజ్మీ పేరు రాక తప్పదు. అల్గారిథం అనే మాట ఆయన పేరు నుంచే వచ్చింది, ఆయనది ఖ్వారెజ్మ్ ప్రాంతం. గర్వపడాల్సిందే. అయితే ఒక్కటి మర్చిపోతున్నారు. ఆయన పని చేసింది బాగ్దాద్‌లో. పుస్తకాలు, జీతం, తోటి పండితులు ఎక్కడుంటే అక్కడికి వెళ్లాడు, హిందూ అంకెల మీద కూడా పుస్తకం రాశాడు. తెలివి ఎప్పుడూ సౌకర్యం ఉన్న చోటికే నడుస్తుంది. అందుకే ఇప్పుడు ఉజ్బెక్ ప్రభుత్వం 'ఎల్ యుర్త్ ఉమిది' నిధితో పిల్లల్ని విదేశాల్లో చదివిస్తూ, తిరిగొచ్చి దేశంలో పని చేయాలని షరతు పెడుతోంది.

ఆడపిల్లల విషయంలో వాళ్లు వేసిన అడుగు ఇంకా గట్టిది. 2022 నుంచి మాస్టర్స్ చదివే అమ్మాయిల ఫీజు ప్రభుత్వమే కడుతోంది. కాలేజీ ఫీజులకు వడ్డీ లేని రుణాలు కూడా ఇస్తోంది. స్టార్టప్ సభల్లో దీని గురించి పెద్దగా వినపడదు. నన్నడిగితే యూనికార్న్ కంటే పెద్ద వార్త ఇదే.

చివరగా మన తల్లిదండ్రులు నేరుగా తెలుసుకోవాల్సిన విషయం. తాష్కెంట్‌లో అమిటీ, అందిజాన్‌లో శారదా యూనివర్సిటీలు 2019 నుంచే ఉన్నాయి. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత సమర్కండ్, బుఖారా మెడికల్ కాలేజీలకు మన విద్యార్థుల తాకిడి పెరిగింది, అందులో తెలుగు పిల్లలూ ఉన్నారు. అక్కడి కుర్రాళ్లు కాలేజీ మీద నమ్మకం లేదంటుంటే, మనం ఆస్తి అమ్మి పిల్లల్ని అక్కడి కాలేజీకి పంపుతున్నాం! డాక్టర్ చదువుకు ఆన్‌లైన్ దారి లేదు కాబట్టి పంపడం తప్పేం కాదు. కానీ అడ్వాన్స్ కట్టే ముందు మూడు విషయాలు కన్సల్టెన్సీ చేత కాగితం మీద రాయించుకోండి. కోర్సు కనీసం 54 నెలలు ఉంటుందా, మొత్తం ఇంగ్లిష్ మీడియమేనా, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ ఇస్తారా. 2021 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనల ప్రకారం ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీసుకు అర్హత రాదు.