పాఠం చెప్పడం వచ్చా మేష్టారూ?

ఒకటో తరగతి పిల్లకి అఆలు దిద్దించాలంటే డి.ఎడ్. చదవాలి. 2010 నించీ దానిమీద ‘టెట్’ కూడా గట్టెక్కాలి. న్యాయమే. మరి అదే పిల్ల పద్దెనిమిదేళ్ళకి ఇంజనీరింగులో చేరితే? ఎం.టెక్. పట్టా, అందులోనో బి.టెక్.లోనో ఫస్టు క్లాసు ఉంటే చాలు, అసిస్టెంటు ప్రొఫెసరు ఉద్యోగానికి అర్హుడే. పాఠం చెప్పడం వచ్చా అని అడిగే నాథుడు లేడు. ఏఐసీటీఈ వారు కొత్తవాళ్ళకోసం ఎనిమిది భాగాల ఆన్‌లైన్ శిక్షణ పెట్టారు, కాదనను. కాని ఒడ్డున కూచుని ఉపన్యాసం వింటే ఈత వస్తుందా, చెప్పండి!

నేను బి.ఏ. దాన్ని. ‘నీకేం తెలుసమ్మా థర్మోడైనమిక్సు’ అనొచ్చు. తెలీదు. అందుకే సెకండియర్ మెకానికల్ చదువుతున్న మా పక్కింటి పిల్లని అడిగాను, ‘ఎంట్రపీ అంటే ఏమిటే?’ అని. గడగడా ఇంగ్లీషులో ఒక వాక్యం అప్పజెప్పింది. ‘అంటే?’ అన్నాను. ‘అంటే... రెండు మార్కుల ప్రశ్న, పిన్నీ’ అంది. వాళ్ళ సారు తెరమీద అక్షరాలు వేసి, అవే చదివి వెళ్ళిపోతారట. అర్థం కాలేదంటే, ‘ఇంటర్లో ఏం వెలగబెట్టావు?’ అంటారట. బల్లమీద పెట్టిన వేడి టీ చల్లారుతుంది గాని, చల్లారిన టీ దానంతటది మళ్ళీ వేడెక్కదు, ఎంట్రపీ సంగతి అక్కణ్ణించి మొదలుపెట్టమ్మా అన్నారు మాకు తెలిసిన ఒక రిటైర్డు మేష్టారు. అయిదు నిమిషాలు పట్టింది, నాకు అర్థమైంది!

అయినా ఆ సారు క్లాసు నిండుగానే ఉంటుంది. ఎందుకుండదూ? జేఎన్‌టీయూ లెక్కల్లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష గండమే. 65 దాకా అయితే కారణం చూపించి, డబ్బు కట్టి, క్షమాపణ పొందాలి. సినిమా హాలు తలుపులకి తాళాలు వేసి ‘హౌస్‌ఫుల్’ బోర్డు పెట్టినట్టుంది!

కొన్ని ప్రైవేటు కాలేజీల్లో నెలల తరబడి జీతం రాక, నలుగురి క్లాసులు ఒక్కరే మోసే వాళ్ళున్నారు. వాళ్ళమీద కాదు నా కోపం. యూనివర్సిటీల్లో పెద్ద జీతాలు పుచ్చుకుంటూ, క్లాసుని కాలికి తగిలిన రాయిలా చూసే ఆచార్యులమీద. తప్పంతా వాళ్ళదీ కాదులెండి. 2010లో యూజీసీ పదోన్నతులకి మార్కుల పద్ధతి పెట్టింది. పరిశోధన పత్రాలకి ఇన్ని, ప్రాజెక్టులకి ఇన్ని. బోధనకీ ఉన్నాయి, కాకపోతే అవి ఎవరికి వారు వేసుకునే మార్కులు! 2018లో ఆ పద్ధతి మార్చారు గాని, పరిశోధన స్కోరు మాత్రం పోలేదు. పత్రం రాస్తే మెట్టెక్కుతారు, పాఠం బాగా చెబితే ‘పాపం, మంచాయన’ అనిపించుకుంటారు. ఎవరైనా ఏది చేస్తారు?

వెబ్ ఆప్షన్ల ముందు మనం కాలేజీలు చూడ్డానికి వెళ్తాం కదా. హాస్టల్లో నీళ్ళొస్తాయా, బస్సు మన వీధికొస్తుందా, ఉద్యోగాలెన్ని వచ్చాయి, అన్నీ అడుగుతాం. ఈసారి ఇంకొకటి కూడా అడగండి. ‘క్లాసులు జరుగుతున్న రోజున వస్తాం, వెనక బెంచీలో కూచుని ఒక గంట పాఠం వింటాం, ఒప్పుకుంటారా?’ అని. ప్రిన్సిపాలుగారి మొహం ఎలా ఉందో నాకు ఉత్తరం రాయండి.