జూలై 11 ఎవరి రోజు?

జూలై 11 అనగానే మన ఆఫీసులకు గుర్తొచ్చేది ప్రపంచ జనాభా దినోత్సవం. సర్క్యులర్ వస్తుంది, బ్యానర్ కడతారు, వాన పడుతున్నా బడి పిల్లల్ని ర్యాలీలో నడిపిస్తారు. పోటీ పరీక్షల గైడ్లలోనూ అదే బిట్టు: 1987లో ఆ రోజున ప్రపంచ జనాభా 500 కోట్లు దాటిందని. చదువుకోండి, మార్కొస్తుంది. కానీ అదే తేదీన, 1997లో, అరకు దారిలోని బొర్రా ఆదివాసుల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఏ గైడులో ఉంది? ఏ బ్యానర్ మీద ఉంది?

అనంతగిరి మండలం బొర్రా చుట్టూ కాల్సైట్ ఉంది. తవ్వుకోమని సర్కారు ప్రైవేటు వాళ్లకు లీజులిచ్చింది. బిర్లా పెరిక్లేజ్ వాళ్లలో ఒకటి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనకూడదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. మరి సర్కారే ఇస్తే? చట్టంలో ‘వ్యక్తి’ అని ఉంది, ప్రభుత్వం వ్యక్తి కాదు కదా అన్నారు సర్కారు వకీళ్లు. ఎంత తెలివి! కంచె వేసిన వాడే కంచె తనకు కాదంటున్నాడు.

హైకోర్టులో ‘సమత’ సంస్థ ఓడింది. సుప్రీంకోర్టుకు పోయింది. జస్టిస్ రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ పట్నాయక్ మరోవైపు. ఇద్దరి మాటే తీర్పయింది. ప్రభుత్వమూ ‘వ్యక్తే’, గిరిజనేతరులకిచ్చిన లీజులు చెల్లవు. సర్కారీ గనుల సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వొచ్చు. తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లకు, బడులకు, వైద్యానికి, రోడ్లకు నిధిగా పెట్టాలి.

ఆ రోజు నుంచే తీర్పుకు తూట్లు పొడిచే పని మొదలైంది. 2000లో కేంద్ర గనుల శాఖ, ఏకంగా ఐదో షెడ్యూలునే సవరించాలని రహస్య నోటు రాసుకుంది. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టే ఈ తీర్పు మీద అనుమానాలు వెలిబుచ్చింది. 2005లో మన రాష్ట్ర పాలకులు దొడ్డిదారి వెతికారు: బాక్సైట్ తవ్వేది సర్కారీ సంస్థ, కొండ కింద వండుకునేది జిందాల్. తీర్పు అక్షరం బతికింది, ప్రాణం పోయింది. పార్టీ మారినా బుద్ధి మారలేదు. 2015 నవంబర్ 5న జీవో 97తో చింతపల్లి వైపు 1,212 హెక్టార్ల అడవిని రాసిచ్చారు. మన్యం భగ్గుమంది. 2019లో గానీ ఆ జీవో రద్దు కాలేదు.

మధ్యలో ఒక ముచ్చట. బొర్రా గుహల్ని 1807లో జియొలాజికల్ సర్వేకు చెందిన దొర కనిపెట్టాడని టూరిజం పుస్తకాలు రాస్తాయి. ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో! గుహ ముందు తరతరాలుగా కాపురమున్న వాళ్లు మాత్రం దాన్ని కనిపెట్టలేదు కాబోలు. భూమి విషయంలోనూ వాళ్ల సంగతి ఇంతే. ఉన్నారు గానీ లెక్కలో లేరు.

ఇది విశాఖ మన్యం గొడవ, మనకెందుకు అనే మిత్రులున్నారు. 1/70 ఉట్నూరులోనూ ఉంది, ఏటూరునాగారంలోనూ ఉంది, భద్రాచలంలోనూ ఉంది. 2014లో రాష్ట్రం రెండయినా ఈ తీర్పు ఇద్దరిదీ. మా భూమి మీద పెత్తనం మాదేనని రోడ్డెక్కిన వాళ్లం, లాఠీలు తిన్న వాళ్లం మనం. అదే మాట బొర్రా మనిషి అంటే అభివృద్ధికి అడ్డమెలా అవుతాడు? ఆ ముక్క మన సొంత నాయకులనూ అడగాలి.

ఉద్యోగ మిత్రులకు ఒక పని చెబుతున్నాం. వచ్చే జూలై 11న జనాభా బ్యానర్ పక్కనే ఇంకోటి కట్టండి. విద్యార్థులు సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి: 1997 నుంచి ఏజెన్సీలో ఏ గని నుంచి ఎంత లాభం వచ్చింది, అందులో 20 శాతం ఏ ఊరికి చేరింది?