పొగమంచులో ప్రైవేటు జెట్‌కు మినహాయింపు ఎందుకు?

2025 మే 22న, ఇంకా తెల్లవారకముందే, అమెరికాలోని శాన్‌డియాగోలో ఓ చిన్న సెస్నా జెట్ కరెంటు తీగలకు తగిలి ఇళ్ల మధ్య కూలిపోయింది. దిగాల్సిన రన్‌వే ఇంకా మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానంలోని ఆరుగురూ చనిపోయారు. నౌకాదళ సిబ్బంది కుటుంబాలు నిద్రపోతున్న వీధిలో జెట్ ఇంధనం పారింది. ఆగివున్న కార్లు తగలబడ్డాయి. ఆ ఇళ్లలో ఎవరి ప్రాణమూ పోకపోవడం అదృష్టమే.

ముందురోజు రాత్రి న్యూజెర్సీలో బయల్దేరి, దారిలో విచిటలో ఇంధనం నింపుకొన్న ఆ విమానం మాంట్‌గోమరీ-గిబ్స్ విమానాశ్రయానికి చేరాలి. రాత్రిపూట అక్కడి కంట్రోల్ టవర్ మూసి ఉంటుంది. వాతావరణ వివరాలు చెప్పే యంత్రం కరెంటు హెచ్చుతగ్గులకు ఆగిపోయింది. రన్‌వేకు దారి చూపే అప్రోచ్ లైట్లు అప్పటికి 2022 నుంచీ వెలగడం లేదు. దగ్గర్లోని మిరమార్ సైనిక విమానాశ్రయం సమాచారమే పైలట్‌కు దిక్కయింది. అక్కడ 800 మీటర్లకు మించి కనిపించడం లేదు, మేఘాలు 200 అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. వేరేచోట దిగే మాట వచ్చినా, చివరికి ఒకసారి ప్రయత్నించి చూద్దామనుకున్నాడు.

తప్పంతా పైలట్ మీదికి నెట్టేయడం తేలిక. ఆ ప్రయత్నానికి నిబంధన అడ్డు చెప్పలేదన్నదే అసలు సంగతి. అమెరికాలో విమానయాన సంస్థలు దిగబోయే చోట విజిబిలిటీ పరిమితికి తగ్గిందని తెలిస్తే అప్రోచ్ మొదలుపెట్టకూడదు. సొంత పనిమీద సొంత విమానంలో తిరిగేవారికి ఆ ఆంక్ష లేదు. నిర్ణీత ఎత్తుదాకా దిగి చూడొచ్చు, రన్‌వే కనబడకపోతే మళ్లీ పైకి లేవాలి. వినడానికి సబబుగానే ఉంటుంది. రాత్రంతా ఎగిరి, గమ్యం రెండు నిమిషాల్లో ఉందనగా, ఇంకాస్త దిగితే కనబడుతుందేమోనన్న ఆశను ఆ నిబంధన లెక్కలోకి తీసుకోలేదు.

అంతకుముందు శాన్‌డియాగో శివార్లలోనే 2021 డిసెంబరులో, మేఘాలు కిందికి దిగిన రాత్రి, గిలెస్పీ ఫీల్డ్ దగ్గర లియర్‌జెట్ కూలి ఇద్దరు నర్సులు సహా నలుగురు మరణించారు. రన్‌వే లైట్లు పెంచమని పైలట్ అడిగితే, అవి పూర్తిస్థాయిలోనే వెలుగుతున్నాయని టవర్ జవాబిచ్చింది!

చలికాలం ఉదయాల్లో పొగమంచు వల్ల గన్నవరం, రాజమహేంద్రవరం మీద చక్కర్లు కొట్టి హైదరాబాద్‌కు మళ్లే విమానాల్లో ప్రయాణికులు విసుక్కోవడం మనకు తెలిసిందే. వాళ్లను ప్రాణాలతో ఇంటికి చేరుస్తున్నది ఆ మళ్లింపే.

ప్రైవేటు విమానానికైనా విమానయాన సంస్థలకున్న కట్టుబాటే ఉండాలి. వాతావరణ యంత్రం, అప్రోచ్ లైట్లు రెండూ పనిచేయని విమానాశ్రయంలో పొగమంచు రాత్రి జెట్ దిగడాన్ని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ పూర్తిగా నిషేధించాలి. చెడిపోయిన లైట్లను ఏళ్ల తరబడి వదిలేయకుండా బాగుచేతకు గడువు పెట్టాలి. గడువు దాటితే, బాగుపడేదాకా అక్కడ రాత్రి ల్యాండింగ్‌లు ఆపేయాలి.